లైట్లున్న మోడెమ్

మేడమీద గది,
మే 3

ఒరేయ్ చిన్నోడా,

ఈ ఉత్తరం నా అవసరం కొద్దీ రాస్తున్నాను. ముందే ఒప్పుకుంటే తిట్లు కాస్త తగ్గుతాయని ఆశ.

మా ఆఫీసులో డ్రాయింగు సెక్షను ఎత్తేశారు. ఇరవై రెండేళ్లు ఒకే కిటికీ పక్కన కూర్చుని ఇళ్ల ప్లాన్లు గీశాను. చివరి రోజు మేనేజరు వచ్చి, "ఈ కంప్యూటర్ మీకు తప్ప ఎవరికీ లొంగదమ్మా, మీరే పట్టుకెళ్లండి" అన్నాడు. అది యూనిక్స్ కంప్యూటర్, ఏ పనైనా ఆదేశాలు కొట్టే చేయించుకోవాలి. కొత్తగా చేరినవాళ్లకి దాని మొహం చూస్తేనే నీరసం. ఇద్దరు మనుషులు ఆపసోపాలు పడి మెట్లెక్కించి నా బల్ల మీద పెట్టారు. బల్ల ఒక పక్కకి ఒరిగింది గానీ నిలబడింది. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని గీస్తున్నాను. పాత కాంట్రాక్టరు గారే పని ఇస్తున్నారు.

చిక్కల్లా ఒకటే. ప్లాన్లలో మార్పులు ఆయన ఫోన్లో చెప్తారు. నోటితో చెప్పిన కొలతలంటే నాకు పడదు. కాగితం మీద ఉంటే తప్పు ఎవరిదో తేలిపోతుంది. కంప్యూటర్‌ని ఫోన్ లైనుకి కలిపే మోడెమ్ ఒకటి తగిలిస్తే ఫ్యాక్సూ వస్తుంది, ఇంటర్నెట్టూ వస్తుంది అన్నారు. కొట్టుకెళితే మూడు చూపించాడు. ఒకటి కంప్యూటర్ పొట్టలో బిగించే కార్డు. రెండోది సబ్బుపెట్టె అంత, నున్నగా, ఒకే ఒక్క లైటుతో ఉంది. మూడోది ఎక్కడో మూసేసిన టికెట్ల ఆఫీసు నుంచి వచ్చిన పాతది, లావుపాటి పుస్తకమంత ఉంది, ముందు వరసగా ఎనిమిది లైట్లు. కొట్టువాడు కార్డు కొనమని ప్రాణం తోడేస్తున్నాడు.

కాలేజీ కంప్యూటర్ సెంటర్లో పగలంతా యూనిక్స్‌తోనే నీ కాపురం కదా. ఏది కొనాలో చెప్పు. ఫోన్ చెయ్యకు, ఉత్తరమే రాయి. దాచుకుని మళ్లీ చదువుకోవచ్చు.

మరదల్ని అడిగానని చెప్పు. జాగ్రత్తగా చూసుకో.

అక్క


కంప్యూటర్ సెంటర్,
మే 14

అక్కగారికి,

ఇక్కడ క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను.

మీరడిగిన విషయం. కార్డు కొనవద్దు. దానికి సొంత బుర్ర లేదు. మోడెమ్ చెయ్యాల్సిన పనంతా విండోస్ ఉన్న కంప్యూటర్ చేత చేయించుకుంటుంది. యూనిక్స్ దాన్ని గుర్తు కూడా పట్టదు. కొట్టువాడికి ఆ తేడా తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పకపోవచ్చు.

బయట పెట్టే రెండిట్లో ఏదైనా పనిచేస్తుంది. కంప్యూటర్ వెనక సీరియల్ పోర్టుకి ఎన్ని సూదులున్నాయో లెక్కపెట్టి, తొమ్మిదో ఇరవై అయిదో, దానికి సరిపడే కేబుల్ అడిగి తీసుకోండి. పెట్టె మీద ఫ్యాక్స్ "క్లాస్ టూ" అని ఉంటే మంచిది, ఫ్యాక్స్ పని చాలావరకు మోడెమే చూసుకుంటుంది. వేగం గురించి ఎక్కువ పట్టించుకోనక్కర్లేదు. మీ లైను ఎంత పాతదో వేగమూ అంతే ఉంటుంది.

ఇంతే.

ఇట్లు,
మీ తమ్ముడు


మేడమీద గది,
మే 20

ఒరేయ్,

నన్ను "మీరు" అన్నావు. పోస్టుమ్యాన్ పక్కింటి వాళ్ల ఉత్తరం నాకిచ్చాడేమోనని కవరు తిప్పి చూసుకున్నాను. చేతిరాత నీదే. "క" రాస్తే కొక్కేనికి చొక్కా తగిలించినట్టు ఉండే చేతిరాత ఇంకెవరికుంది? అది దిద్దడానికి నేను పడిన పాట్లు నీకు గుర్తుండవు. సైకిల్ షాపు మీద ఆ ఒంటిగదిలో, నాన్న రేకుపెట్టె మీద పలక పెట్టి, నీ చెయ్యి నా చేతిలో పట్టుకుని దిద్దించేదాన్ని. కింద ట్యూబుకి గాలి కొట్టే చప్పుడుకి లయగా పెన్సిల్ కదిలించేవాడివి. షాపువాడు భోజనానికి వెళితే నీ చదువూ ఆగిపోయేది.

కోపం ఎందుకొచ్చిందో చెప్పకపోతే నేను తెలుసుకోలేను. సరే, నీకు బుద్ధి పుట్టినప్పుడే చెప్పు.

ఎనిమిది లైట్లదే కొన్నాను. కొట్టువాడు, "పాత ఇనప సామాను కొంటున్నారమ్మా" అన్నాడు. ఉండనీ. నాకు లైట్లు కావాలి. క్లాస్ టూ అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. సూదులు ఇరవై అయిదు. కేబుల్ సరిపోయింది. తర్వాత ఏం చెయ్యాలో విడమరిచి రాయి, చిన్నపిల్లకి చెప్పినట్టు.

కొత్త ఇంటి అడ్రసు పంపనే లేదు. అందుకే దీన్ని కూడా సెంటర్‌కే రాస్తున్నాను.

అక్క


కంప్యూటర్ సెంటర్,
జూన్ 2

అక్కా,

సరే, "నువ్వు" అనే రాస్తాను.

మేం ఇల్లు మారలేదు. మారామని ఎవరు చెప్పారు?

ఈ ఉత్తరంతో మూడు కాగితాలు పెట్టాను. ఫ్యాక్స్ ప్రోగ్రాం ఎక్కించడానికి ఏయే ఆదేశాలు కొట్టాలో వరసగా రాశాను. ఒక్క చుక్క కూడా వదలకుండా కొట్టు. ఫ్యాక్సూ ఇంటర్నెట్టూ ఒకే లైను మీద నడవాలి కాబట్టి ఒకటి వాడుతుంటే రెండోది ఆగేలా ఏర్పాటు ఉంది, మూడో కాగితం చూడు. అది మర్చిపోతే రెండూ ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటాయి.

అన్నీ అయ్యాక ఇంటర్నెట్ నంబరు కలిపి చూడు. మోడెమ్ లోపల చిన్న స్పీకర్ ఉంది. జాగ్రత్తగా విను. మొదట రిసీవర్ ఎత్తితే వచ్చే గుయ్యిమనే మోత, తర్వాత నంబరు తిప్పిన చప్పుడు, తర్వాత అవతల నుంచి సన్నటి ఈల, ఆ పైన రేకు మీద ఇసక గీరినట్టు బరబర. బరబర తెగి నిశ్శబ్దం అయితే కలిసినట్టు. ఈల మళ్లీ మళ్లీ వస్తుంటే కలవనట్టు. చెవి అలవాటు పడితే చాలు, తెర చూడనవసరం లేదు. ఇక్కడ మేమందరం చెవితోనే పట్టేస్తాం.

సైకిల్ షాపు గుర్తుంది. గాలి కొట్టే పంపు కాదు, సుత్తి దెబ్బలకి రాసేవాడిని.

తమ్ముడు


మేడమీద గది,
జూన్ 24

చిన్నోడా,

మూడు కాగితాలూ గోడకి అంటించి, చేసిన దానికల్లా టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. రెండో కాగితంలో ఒక చుక్క వదిలేసి రెండు రోజులు పోగొట్టుకున్నాను. నువ్వు చెప్పావు, నేను వినలేదు. మొత్తానికి మోడెమ్ కదిలింది.

నువ్వు రాసిన ఈల, బరబర సంగతి. కింద కుట్టుమిషన్ ఆవిడని పైకి పిలిచి దాని పక్కన కూర్చోబెట్టాను. "ఇప్పుడు ఈల వేస్తోంది. ఇప్పుడు గీరుతోంది. అయ్యో, పిల్లికూన ఏడుస్తున్నట్టుందండీ" అని ఆవిడ చెప్తుంటే నేను రాసుకున్నాను. కానీ ప్రతిసారీ ఆవిడని కుట్టుపని మీంచి లేపలేను కదా. ఎనిమిది లైట్లలో ఏది వెలిగితే కలిసినట్టో, ఏది ఆరితే తెగినట్టో అది రాసి పంపు. చప్పుళ్లు వద్దు.

ఇంకో మాట. మరదలి సంగతి ఇన్నాళ్లూ ఎత్తలేదు. నెలలు నిండేదాకా ఆ ప్రస్తావన వద్దనేది అమ్మ, నువ్వు పుట్టకముందు ఆవిడకి ఒక కడుపు పోయింది కదా. నేనూ నోరు కట్టుకుని కూర్చున్నాను. వేళ్ల మీద లెక్క వేసుకుంటే ఈపాటికి పురుడు వచ్చి ఉండాలి. ఒక్క ముక్క రాయవేంరా? పాపా, బాబా? ఎవరైనా సరిపోతుందని పసుపు రంగు ఉన్నితో టోపీ అల్లాను. విడిగా పార్సిల్ చేశాను. పగలంతా నువ్వుండేది అక్కడే కాబట్టి సెంటర్‌కే పంపుతున్నాను.

అక్క


కంప్యూటర్ సెంటర్,
జూన్ 30

అక్కా,

పార్సిల్ అందింది. నలుగురి మధ్యలో విప్పాను. పక్క బల్ల ఆయన టోపీ చూసి, "ఎప్పుడు? మాకు చెప్పనేలేదు" అన్నాడు. టోపీ సొరుగులో పెట్టి తాళం వేశాను.

ఫిబ్రవరిలో ఆస్పత్రి వరండాలోంచి మొట్టమొదట నీకే ఫోన్ చేశాను. అత్తగారికి కూడా ఇంకా చెప్పలేదు. నా వెనక ముగ్గురు ఫోన్ కోసం నిలబడి ఉన్నారు. "అక్కా, పోయింది. అంతా అయిపోయింది" అన్నాను. నువ్వేమన్నావో నీకు గుర్తుందో లేదో. "అయిపోయిందా, మంచిదేలే. ఇక మీ ఇద్దరికీ కాస్త తెరిపి" అన్నావు. ఇంకేదైనా అంటావని రిసీవర్ పట్టుకుని నిలబడ్డాను. "ఉంటాన్రా, పాలు పొంగుతున్నాయి" అని పెట్టేశావు.

అప్పుడు ఐదో నెల. నాలుగు నెలలుగా ఆ మాట నా గొంతులో ముల్లులా ఉంది. నువ్వెందుకలా అన్నావో ఎన్ని రకాలుగా సర్దిచెప్పుకున్నానో. ఇప్పుడు టోపీ పంపి పాపా బాబా అని అడుగుతున్నావు. మర్చిపోయావనుకోవాలా? అసలు నా మాట నీ చెవికెక్కలేదనుకోవాలా?

మోడెమ్ సంగతి ఇంకెవరినైనా అడుగు.


మేడమీద గది,
జూలై 6

నాన్నా, చిన్నోడా,

నీ మాట నా చెవికెక్కలేదు. అదే నిజం. నాకు వినిపించదు.

మూడేళ్లుగా ఇలాగే ఉంది. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి పోతూ ఉంది. నరం ఎండిపోతోందన్నాడు డాక్టరు. చెవికి మిషన్ పెట్టి చూశారు. మాటా, గిన్నె చప్పుడూ, లారీ మోతా కలిసి ఒకే హోరు. తీసి సొరుగులో పడేశాను. ఎదురుగా ఉన్న మనిషైతే పెదవులు చూసి ముప్పాతిక మాట పట్టేస్తాను. ఫోన్‌కి పెదవులుండవు కదా. ఎవరు చేసినా, అటువైపు మాట ఆగిన జాడ తెలియగానే "మంచిది" అనేసి, ఏదో పనుందని పెట్టేస్తాను. పొయ్యి మీద పాలుండవు. ఏమీ ఉండవు.

ఆ రోజు నువ్వు ఇల్లు వెతుకుతున్నావని తెలుసు. మరదలు మెట్లెక్కలేకపోతోందని అంతకుముందు ఉత్తరంలో రాశావు. హోరులో "అయిపోయింది" అన్న ఒక్క మాట దొరికింది. ఇల్లు మారడం అయిపోయిందనుకున్నాను. ఆ ఒక్క మాట దొరికినందుకు సంతోషపడ్డాను కూడా. అందుకే అలా అన్నాను.

నీ ఉత్తరం చదివి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. కుట్టుమిషన్ ఆవిడ తలుపు కొట్టి కొట్టి, చివరికి కిటికీలోంచి చూసి లోపలికి వచ్చింది.

ఎందుకు దాచావని అడుగుతావు. కాంట్రాక్టరు గారు ఫోన్లో "అరవై అంగుళాల కిటికీ" అంటే ఇరవై అని విని, అంతే గీశాను. గోడ కట్టేశారు. "ఇది కిటికీయా, పావురాల గూడా?" అన్నారాయన. నవ్వుతూనే అన్నారు. కానీ చెవిటిదని తెలిస్తే పని ఎవరిస్తారు? అందుకే ఫ్యాక్స్. అందుకే లైట్లు. ఇక నీకు చెప్తే, "మా ఇంటికి వచ్చెయ్యి" అంటావు. నువ్వు నాకు ముద్దలు కలిపి పెట్టే రోజు అప్పుడే రావద్దనుకున్నాను.

ఇవి సంజాయిషీలు. నీ బిడ్డ పోయిన రోజున నీకు అక్క లేకుండా పోయింది. దానికి ఏ సంజాయిషీ సరిపోదు. టోపీ మరదలి కంట పడనివ్వకు.

అక్క


కంప్యూటర్ సెంటర్,
జూలై 15

అక్కా,

నీ పాత ఉత్తరాలు మళ్లీ తీసి చదివాను. ఫోన్ చెయ్యకు అన్నావు. లైట్లు కావాలి అన్నావు. ఈల వినడానికి కుట్టుమిషన్ ఆవిడని పిలిచావు. అంతా కళ్ల ముందే ఉన్నా నాకు తట్టలేదు. పైగా "జాగ్రత్తగా విను" అని నీకు పాఠం చెప్పాను.

నాకు నత్తి ఉన్న రోజులు గుర్తున్నాయా? ఇప్పుడు ఎవరికైనా చెప్పినా నమ్మరు. బడిలో "త" దగ్గర ఆగిపోతే క్లాసంతా నా మాట పూర్తి చేసేది. మేష్టారు కూడా అందించేవారు. నాన్నకి విసుగు. అమ్మకి జాలి, తనే చెప్పేసేది. నువ్వు మాత్రం చేతిలో పని ఆపి, నా మొహం వంక చూస్తూ కూర్చునేదానివి. "తాళం" అన్న మాట బయటికి రావడానికి ఎంతసేపు పట్టినా సరే, ఒక్కసారి కూడా అందించలేదు. ఇంట్లో అందరూ బయల్దేరి గడపలో నిలబడి ఉన్నా సరే. అలాంటి నువ్వు నా మాట మధ్యలో ఫోన్ పెట్టేశావంటే, ఏదో ఉందని నాకు తెలియాలి. నేను కోపాన్నే నమ్మాను.

మా ఇంటికి వచ్చెయ్యమని అనను. ఒట్టు.

ఇక పని. "సీడీ" అని రాసి ఉన్న లైటు వెలిగితే కలిసినట్టు, ఆరితే తెగినట్టు. "ఓహెచ్" వెలిగితే లైను ఎత్తినట్టు. అది వెలిగి, ఒక నిమిషంలోపు సీడీ వెలగకపోతే కలవలేదని లెక్క. ఆ స్పీకర్ నోరు ఎలా నొక్కెయ్యాలో ఈ కాగితం చివర రాశాను, ఇక అది ఎవరి కోసమూ ఈలలు వెయ్యదు. మొదటి గంటకే మోడెమ్ లైను ఎత్తి ఫ్యాక్స్ తీసుకునేలా పెట్టడం కూడా ఉంది. నువ్వు ఫోన్ దగ్గరికి వెళ్లనే అక్కర్లేదు. ఇక్కడి ఫ్యాక్స్ నంబరు వెనక ఉంది. అది సిద్ధమైన రోజు కార్డు ముక్క రాయి, నేనే మొదట పంపుతాను.

టోపీ ఇంకా నా ఆఫీసు సొరుగులోనే ఉంది. నీ మరదలి దగ్గర నేను దాచింది ఒకటుంది. అది ముందు తేల్చుకోవాలి.

తమ్ముడు


మేడమీద గది,
ఆగస్టు 9

చిన్నోడా,

నీ మొదటి ఫ్యాక్స్ వచ్చింది. ఓహెచ్ వెలిగింది, సీడీ వెలిగింది, మిగతా లైట్లు మిణుకుమిణుకుమంటుంటే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. చివరికి తెర మీద నిలువెత్తు తెల్ల కాగితం. ఒక్క అక్షరం లేదు. నువ్వు కాగితం బోర్లా పెట్టి పంపావు. పదేళ్లుగా కంప్యూటర్ సెంటర్లో ఉద్యోగం చేస్తున్నావని ఎవరికీ చెప్పకు.

అయినా ఆ తెల్ల కాగితం అచ్చు తీసి ఉంచాను. ఈ మూడేళ్లలో ఫోన్ లైను మీద వచ్చినవాటిలో నేను మొత్తంగా అందుకున్నది అదొక్కటే.

కాంట్రాక్టరు గారిని పిలిపించి ఉన్న సంగతి చెప్పేశాను. "ఇన్నాళ్లూ నేను గొంతు చించుకుని అరుస్తున్నది ఎవరికండీ మరి?" అన్నారు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, నా చిత్తుకాగితం మీద పెద్ద అక్షరాలతో రాశారు: "మెట్ల గది కొలతలు రేపు ఫ్యాక్స్‌లో." ఇప్పుడు ఎదురుగా ఉన్నప్పుడు కూడా రాసే చూపిస్తున్నారు. పెదవులు చూస్తే తెలుస్తుందని చెప్పినా వినరు. చెవిటివాళ్లం ఇద్దరమయ్యాం.

నువ్వు తేల్చుకోవాల్సింది తేల్చుకున్నావా?

అక్క


ఫ్యాక్స్,
ఆగస్టు 17

వదినా,

ఇది మీ మరదలు. కాగితం సరిగ్గా పెట్టారో లేదో నేనే పక్కన నిలబడి చూసుకున్నాను.

ఫిబ్రవరిలో ఆయన వార్డులోకి వచ్చి, "అక్క ఫోన్లోనే ఏడ్చేసింది, మాట్లాడలేకపోయింది" అని చెప్పారు. మా వాళ్లందరూ మళ్లీ పుడతారులే, వయసుందిలే అన్నారు. నాతో పాటు ఏడ్చిన మనిషి ఒకరున్నారని ఆ మాట పట్టుకునే లేచి తిరిగాను. మీరు తర్వాత ఉత్తరం రాయకపోతే, బాధలో ఉండి రాయలేకపోతున్నారనుకున్నాను.

మొన్న మీ ఉత్తరాలన్నీ, టోపీతో సహా, నా ముందు పెట్టి అది అబద్ధమని చెప్పారు. మీ మీద నాకు మనసు విరగకూడదని అలా చెప్పారట. తను మాత్రం మీ మీద కోపం పెట్టుకుని, నాకు తెలియకుండా ఒక్కరే మోశారు. నాకు కోపం వచ్చింది, ఆయన మీద. రెండు పూటలు మాట్లాడలేదు. మూడో పూట మీ జూలై ఉత్తరం ఇంకోసారి చదివాను. మీరు వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చారని ఉంది. ఆయన చెప్పింది నిజమే అయింది కదా, కాస్త ఆలస్యంగా.

టోపీ నా పెట్టెలో పెట్టుకున్నాను. వెనక్కి పంపను.

మీ మరదలు


ఫ్యాక్స్,
ఆగస్టు 18

అమ్మాయ్,

నీ కాగితం చదివాను. ఏం రాసినా చాలదు, అందుకని ఒక్కటే రాస్తున్నాను. అడగకూడనిదైతే చించి పారెయ్యి, నేనేమీ అనుకోను.

ఆడపిల్లా, మగపిల్లాడా?

వదిన


ఫ్యాక్స్,
ఆగస్టు 18

వదినా,

ఆడపిల్ల.

ఇన్ని నెలల్లో ఈ మాట అడిగింది మీరొక్కరే. నర్సు వద్దన్నా వినకుండా నేను చూశాను. వేళ్లు ఎంత సన్నగా ఉన్నాయో, మొహం ఎలా ఉందో అన్నీ గుర్తున్నాయి. ఆయనకి కూడా ఇంతవరకూ చెప్పలేదు.

ఆదివారం వస్తున్నాం. మీ ఎదురుగా కూర్చుంటాను. మెల్లగా చెప్తాను.

మీ మరదలు